పలకని చేప

స్టోన్ హార్బర్, మిషిగన్
జనవరి 14, మంగళవారం

టెస్సాకి,

ఇవాళ జనవరి 14. ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అమ్మా, ఈమధ్య నీకు మతిమరుపు ఎక్కువైంది" అంది. ఆ మాట నీ దాకా వచ్చేలోగా జరిగిందేమిటో నేనే చెప్పడం మంచిది. ఇంకో కారణం, మన కుటుంబంలో కంప్యూటర్ పని తెలిసినదానివి నువ్వొక్కదానివే.

కౌంటీ వారి పెద్దవాళ్ళ వ్యాన్ సంగతి నీకు తెలుసు. ఇన్నేళ్ళూ దాన్ని ఫోన్లోనే పిలిచేవాళ్ళం. ఆఫీసులో బెర్నీస్ ఫోనెత్తి "ఊ" అనేది. రోజు, గంట, వెళ్ళాల్సిన చోటు చెప్పేదాన్ని. మళ్ళీ "ఊ" అన్నా అనకపోయినా ఫోన్ పెట్టేసేది. ఒక్కసారి కూడా బండి తప్పలేదు. కొత్త సంవత్సరంతో ఆ ఫోన్ తీసేశారు. ఇక అంతా వెబ్‌సైట్లోనేనట.

నేనేమీ భయపడలేదు. చదివి వినిపించే ప్రోగ్రాం నా కంప్యూటర్లో నువ్వే పెట్టించావు కదా. ట్యాబ్ మీట నొక్కుకుంటూ ఒక్కో చోటికీ వెళ్ళాను. పేరు అడిగింది, చెప్పాను. తారీకు అడిగింది, గురువారం తొమ్మిది అని చెప్పాను. చివర "పంపు, బటన్" అంది. నొక్కాను. ఏమీ అనలేదు. బెర్నీస్ కూడా ఏమీ అనేది కాదు గనుక నాకు వింతగా అనిపించలేదు.

గురువారం పొద్దున కోటు, టోపీ, బూట్లు వేసుకుని రోడ్డు మీద నిలబడ్డాను. చర్చిలో ఆడవాళ్ళ కాఫీకి ఏలకుల రొట్టె తెస్తానని మాటిచ్చాను. అది చేతిలో ఉంది. బండి రాలేదు. చాలాసేపటికి వ్యాను నడిపే డ్యూయీ వేరే మనుషులను దింపి తిరిగి వెళ్తూ ఆపాడు.

"టీచర్‌గారూ, ఈ చలిలో ఎవరికోసం నిలబడ్డారు?"

"నీకోసమే."

"నా చీటీలో మీ పేరు లేదే!"

"అయితే నీ చీటీ తప్పు."

నన్ను ఇంట్లో దింపి స్టవ్ వెలిగించి వెళ్ళాడు. స్కూల్లో నా దగ్గర టైపింగ్‌లో రెండుసార్లు తప్పాడు గానీ మంచివాడు. రొట్టె గడ్డకట్టి రాయిలా అయింది. సాయంత్రానికల్లా సంగతి గ్రీన్ బేలో ఉన్న మీ అమ్మకు తెలిసిపోయింది. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, వార్త మాత్రం ఎలా పోతుందో దేవుడికే తెలియాలి.

ఆ వెబ్‌సైట్ ఎవడో బద్ధకస్తుడు చేసి ఉంటాడని నా అనుమానం. వాడు నా క్లాసులో ఉండుంటే ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి కొట్టించేదాన్ని. నేనేం తప్పు చేశానో చూసి రాయి. ఫిబ్రవరి 6న కంటి ఆసుపత్రికి వెళ్ళాలి, అది తప్పకూడదు.

ఈమెయిల్ వినడానికి ఒప్పుకున్నాను గానీ రాయడానికి ఒప్పుకోలేదు. నా ఉత్తరాలు కాగితం మీదే వస్తాయి.

మీ అమ్మమ్మ,
ఐలి హార్జు


మినియాపొలిస్
జనవరి 20

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. ఆఫీసులో అందరికీ చూపించాను. ఒక్క కొట్టివేత కూడా లేకుండా రెండు పేజీలు! మా కుర్రాళ్ళు టైప్ మిషన్ అక్షరాలు చూసి మ్యూజియం నుంచి వచ్చిందా అన్నారు.

చలిలో నిలబడ్డావని వింటే బాధేసింది. ఇంకోసారి పది నిమిషాల్లో బండి రాకపోతే లోపలికి వెళ్ళిపో, సరేనా?

వ్యాన్ వెబ్‌సైట్ చూశాను. అది చేసినవాళ్ళు నాకు కొంచెం తెలుసులే. వాళ్ళు మరీ బద్ధకస్తులేం కాదు. చూపులేనివాళ్ళకు పనికొస్తుందో లేదో పరీక్షించే ప్రోగ్రాం ఒకటుంటుంది, దాంట్లో ఈ సైట్‌కి నూటికి నూరు వచ్చాయి. పైగా తెరిచిన దగ్గరనుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. సైట్లోనే ఫిర్యాదు పేజీ ఉంది, అది ఖాళీగా ఉందంటే జనం బాగానే వాడుకుంటున్నట్టే కదా.

కాబట్టి చిన్న పొరపాటేదో అయ్యుంటుంది. తొందరపడకుండా చెయ్యి. అన్నీ నింపాక చివర ఆకుపచ్చ బటన్ నొక్కు. పైన ఎర్రగా ఏమైనా కనిపిస్తే చదువు, ఏం మర్చిపోయావో అదే చెప్తుంది. చాలా తేలిక. నీ భూతద్దం దగ్గర పెట్టుకో.

అమ్మ మాటలు మనసులో పెట్టుకోకు. ఆవిడ కంగారు మనిషి, నీకు తెలిసిందే. శనివారం సౌనా ఆవిరి గదిలో ఒక్కదానివే కూర్చోకు, ఎవరినైనా పిలుచుకో.

ముద్దులతో,
టెస్సా


స్టోన్ హార్బర్
ఫిబ్రవరి 8, శనివారం

టెస్సాకి,

బండి రెండోసారీ రాలేదు. కంటి ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజే రాలేదు. మళ్ళీ మార్చి 11న గాని వాళ్ళకు ఖాళీ లేదట. ఇది ముందు చెప్పి మిగతావి తరువాత రాస్తాను.

నువ్వు చెప్పినట్టే తొందరపడలేదు. అన్నీ నింపాను. "పంపు" నొక్కాను. మళ్ళీ ఏమీ అనలేదు. ఎదురు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనుకునే ఇంట్లో పుట్టాను. మీ తాతయ్య నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగినప్పుడు నేను బంగాళాదుంపలు ఒలుస్తున్నాను. ఒలుస్తూనే ఉన్నాను. ఆయన వెళ్ళి పాస్టర్‌తో మాట్లాడి వచ్చాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ మా వైపు అది పూర్తి అంగీకారం.

నీ ఉత్తరంలో ఆకుపచ్చ బటన్ అన్నావు, ఎర్ర అక్షరాలన్నావు, భూతద్దం అన్నావు. నీకు సరిగ్గా చెప్పలేదనుకుంటాను. నాకు మధ్యచూపు పూర్తిగా పోయింది. అంచుల్లో మాత్రం కొంత ఉంది. నీ వైపు చూస్తే నీ చెవులు కనిపిస్తాయి, ముఖం ఉండదు. క్రిస్మస్‌కి నీ స్వెటర్ బాగుందన్నానంటే చెయ్యి తగిలింది గనుక అన్నాను. భూతద్దం ఇప్పుడు వంటింట్లో కాగితాలు ఎగరకుండా బరువుకు పనికొస్తోంది.

నిన్న మీ అమ్మ వచ్చింది. వస్తూనే కోటు విప్పకుండా ఇల్లంతా దులపడం మొదలుపెట్టింది. దీపాలు, గడియారం, టైప్ మిషన్, మీ తాతయ్య పడవ బొమ్మ, ఏదీ వదల్లేదు. మీ అమ్మ మార్లీన్‌కి కోపం వస్తే చేతికి గుడ్డ వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే.

"అమ్మా, ఆఫీసులో అడిగాను. నువ్వసలు బండి అడగనే లేదట."

"అడిగాను."

"అడిగానని అనుకున్నావేమో."

"అనుకోవడానికీ చేయడానికీ తేడా నీకు నేర్పింది నేనే."

"అందుకే ఏడుపొస్తోంది" అంది.

తరువాత డాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన కుర్రవాడు, మర్యాదస్తుడే. జ్ఞాపకశక్తి పరీక్ష అని చెప్పి గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమన్నాడు. ముందు కాగితం ఎక్కడుందో చూపించమన్నాను. పెన్ను చేతిలో పెట్టాడు. గీశాను. సగం గడియారం బల్ల మీదికి పోయిందని మీ అమ్మ కారులో చెప్పింది. డాక్టర్ ఏం రాసుకున్నాడో నాకు చెప్పలేదు.

గ్రీన్ బేలో మీ అమ్మ ఇంటికి దగ్గర్లో వృద్ధుల కోసం కట్టిన ఇళ్ళలో ఒక గది మాట్లాడింది. ఏప్రిల్ ఒకటినుంచి. ఈ ఇల్లు అమ్మేయాలట. నేనేమీ అనలేదు. తరువాత తట్టింది, ఏమీ అనకపోతే ఒప్పుకున్నాననుకుంటుందని. అప్పటికే కారు వెళ్ళిపోయింది. అందుకే నీకు రాస్తున్నాను. నేను ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో ఏ మెట్టు ఎక్కడుందో నా కాళ్ళకు తెలుసు. ఆ గదిలో నేను నిజంగానే గుడ్డిదాన్ని.

ఆ వెబ్‌సైట్ చేసినవాళ్ళు నీకు తెలుసన్నావు. వాళ్ళ పేరు, చిరునామా పంపు. నేరుగా వాళ్ళకే రాస్తాను.

మీ అమ్మమ్మ,
ఐలి హార్జు


మినియాపొలిస్
ఫిబ్రవరి 13

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను, చెరిపేస్తున్నాను.

వాళ్ళ చిరునామా నీ దగ్గర ఉంది. నాదే. ఆ వెబ్‌సైట్ చేసింది మా కంపెనీ. ప్రయాణాలు నమోదు చేసే పేజీ నేనే చేశాను. నువ్వు తిట్టిన బద్ధకస్తుడు నేనే. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నవ్వుకుని ఊరుకున్నాను.

అందుకే నీ మాట తీసిపారేయలేదు. లోపలి రికార్డులన్నీ వెతికాను. అక్కడ నీ పేరు మీద ఒక్క ప్రయాణం కూడా లేదమ్మమ్మా. జనవరిలోనూ లేదు, ఫిబ్రవరిలోనూ లేదు. మళ్ళీ పరీక్ష పెట్టాను, మళ్ళీ నూటికి నూరే. నేనే నీ పేరుతో ఒకసారి నింపి చూశాను. నిమిషంలో అయిపోయింది, "మీ బండి ఖాయం" అని వచ్చింది.

ఇంక ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అలిసిపోయి ఉన్నప్పుడు మనం చేశామనుకున్న పని చేయకపోవడం ఎవరికైనా జరుగుతుంది. నాకూ జరుగుతుంది. పొయ్యి ఆర్పానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళిన రోజులున్నాయి.

అమ్మ చూసిన చోటు నేనూ చూశాను, ఫోటోల్లో. పెద్ద కిటికీలు, సరస్సు కాదు గానీ నది కనిపిస్తుంది. శుక్రవారం చేపల వేపుడు. నీ వయసువాళ్ళు బోలెడుమంది. వెళ్ళి ఒకసారి చూడు, చూడ్డానికి పోయేదేముంది?

కోపం తెచ్చుకోకు.

టెస్సా


మినియాపొలిస్
ఫిబ్రవరి 24

అమ్మమ్మా,

నీ ఉత్తరం అందింది. అందులో రెండు కాగితాలున్నాయి, రెండూ తెల్లగా ఉన్నాయి. ఒక్క అక్షరం లేదు. కవర్ మీద నేను క్రిస్మస్‌కి అచ్చు వేయించి ఇచ్చిన చిరునామా చీటీ అంటించి ఉంది, స్టాంపు కూడా తిన్నగా ఉంది. నీట్‌గా మూడు మడతలు పెట్టి ఉన్నాయి.

మొదట కోపంతో పంపావనుకున్నాను. "నీతో నాకు మాటల్లేవు" అని చెప్పడం నీకు బాగానే చేతనవును. తరువాత భయం వేసింది. రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఆవిడ మొత్తం విని, తరువాత "ఆ గదికి సంతకం పెడతాను" అని ఫోన్ పెట్టేసింది.

నువ్వు ఎలా ఉన్నావో ఒక్క ముక్క రాయి. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు.

టెస్సా


స్టోన్ హార్బర్
మార్చి 2, ఆదివారం

టెస్సాకి,

ఈ ఉత్తరంలో అక్షరాలున్నాయి. డ్యూయీ ఇక్కడే నిలబడి చూస్తున్నాడు, "ఉన్నాయి టీచర్‌గారూ, నల్లగా ఉన్నాయి" అంటున్నాడు.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం, ఆ సమయంలో ఎవరితో మాట్లాడినా అరిచేదాన్ని. అరవడం నాకు చేతకాదు, ఇప్పుడు నేర్చుకోవడం ఇష్టం లేదు.

నీ ఈమెయిల్ విన్నాక టైప్ మిషన్ దగ్గర కూర్చుని చేత్తో తడిమాను. రిబ్బన్ బిగువుగానే ఉంది. మీటలన్నీ ఆడుతున్నాయి. అప్పుడు పక్కనున్న చిన్న పిడి మీద వేలు పడింది. దానికి మూడు చోట్లుంటాయి. పైన నలుపు, మధ్య ఎరుపు, కింద తెలుపు. తెలుపులో పెడితే అచ్చులు కాగితాన్ని కొడతాయి, రిబ్బన్ మాత్రం పైకి లేవదు. సైక్లోస్టైల్ కాపీల కోసం స్టెన్సిల్ మైనపు కాగితం కోయడానికి పెట్టిన ఏర్పాటది. పిల్లలకు మొదటి రోజు నేను చెప్పే మొదటి మాట, "కూర్చోగానే పిడి చూసుకోండి" అని. నా పిడి తెలుపులో ఉంది. నేను దాన్ని తాకి ఏళ్ళయింది. నా ఫిబ్రవరి 8 ఉత్తరం పోస్టులో వేశాక మీ అమ్మ ఇంకోసారి వచ్చి ఇల్లు దులిపింది, కోపం వస్తే ఆమె చేతికి ఏమొస్తుందో ఆ ఉత్తరంలోనే రాశాను.

మిషన్ టకటకమంది. గంట మోగింది. కాగితం జరిగింది. పని అవుతోందనే నేను నమ్మాను. అవలేదని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

అది మతిమరుపని నువ్వు మీ అమ్మకు చెప్పావు. నువ్వు చెప్పిందాని మీద ఆవిడ సంతకం పెట్టింది. ఎవరినీ నిందించడం లేదు, ఏది ముందు జరిగిందో ఏది తరువాత జరిగిందో రాస్తున్నాను.

ఆ తెల్ల కాగితాలు పారేయలేదు కదా? దీపం కింద ఏటవాలుగా పట్టుకో. అచ్చులు కొట్టిన నొక్కులు కనిపిస్తాయి. నేనైతే వేలితోనే చదవగలను. అందులో గొప్ప విషయాలేమీ లేవు. వ్యాన్ అడగడానికి నేను ఏ మీట తరువాత ఏ మీట నొక్కుతానో, ప్రతిసారీ కంప్యూటర్లో చదివే ఆ మగగొంతు ఏమంటుందో వరుసగా రాశాను. నువ్వు చేసిన పని కాబట్టి నువ్వు చూస్తావనుకున్నాను.

ఇప్పుడు ఇలా చెయ్యి. కంప్యూటర్ తెర ఆర్పేయి. మౌస్ తీసి సొరుగులో పెట్టు. చెవులతో విను. నేను రాసింది రాసినట్టు చెయ్యి, తెలివి ఉపయోగించకు. నువ్వు నింపి చూశానన్నావే, కళ్ళు తెరుచుకుని చూశావు. అది నింపడం నీది, నాది కాదు.

పరీక్షలో నూటికి నూరు వచ్చిందని రెండుసార్లు రాశావు. ఆ పరీక్ష ఎవరు రాశారు, ఎవరు దిద్దారు? నా క్లాసులో పిల్లలు ఒకరి పేపర్ ఒకరు దిద్దుకుంటే అందరికీ నూరే వచ్చేది.

మీ అమ్మమ్మ,
ఐలి హార్జు


మినియాపొలిస్
మార్చి 6

అమ్మమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాను.

కాగితాలు దీపం కింద పట్టుకుంటే అన్నీ కనిపించాయి. చివర కామా దాకా. అది వేరే కాగితం మీద ఎత్తి రాసుకుని, నిన్న ఆఫీసులో తెర ఆర్పేశాను. పక్క సీటువాడు "ఏంటి టెస్సా, కరెంటు బిల్లు కట్టలేదా?" అన్నాడు. మౌస్ వాడికే ఇచ్చి దాచమన్నాను.

పేరు దగ్గరికి వెళ్ళాను. చెప్పింది. తారీకు, గంట, చోటు, అన్నీ చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది కూడా. ఇంకోసారి ట్యాబ్ నొక్కితే "పంపు, బటన్" అంది. నొక్కాను.

ఏమీ అనలేదు.

కాసేపు అలాగే కూర్చున్నాను. అయిందనుకోవాలా, అవలేదనుకోవాలా తెలియలేదు. పక్కవాణ్ణి అడిగాను, "తెర వెలిగించి ఏముందో చెప్పు" అని. వాడు చూసి, "పైన ఎర్రగా రాసుంది, నిబంధనలు చదివానని ఒప్పుకోండి అని. నువ్వు చేప నొక్కలేదు" అన్నాడు.

చేప కథ చెప్తాను. "పంపు" పైన నిబంధనలు ఒప్పుకోవడానికి ఒక గడి ఉండాలి, దాంట్లో టిక్కు పెట్టాలి. కౌంటీ పెద్దమనిషి ఒకాయనకు మామూలు గడి నచ్చలేదు. మన సరస్సుకు పేరు తెచ్చేలా ఉండాలన్నాడు. నేను ట్రౌట్ చేప బొమ్మ గీశాను. మౌస్‌తో నొక్కితే నీలంగా మారి తోక ఊపుతుంది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. అది బొమ్మ కాబట్టి ట్యాబ్ దాని దగ్గర ఆగదు. దానికి నేను పేరు పెట్టలేదు కాబట్టి ఆ గొంతు దాని గురించి పలకదు. పరీక్షించే ప్రోగ్రాంకి అది గడి అనే తెలియదు, గోడ మీద బొమ్మ అనుకుని దాటిపోయింది. నూటికి నూరు అలా వచ్చాయి. ఎర్ర అక్షరాలు వచ్చాయని కూడా ఎవరూ చెప్పరు, కళ్ళున్నవాడు చూడాలి. నా కళ్ళు ప్రతిసారీ చూశాయి.

చేపను నొక్కకుండా పంపినవన్నీ వేరే చోట పడి ఉన్నాయి. ఆ చోటు ఒకటుందని కూడా నాకు గుర్తులేదు. అక్కడ నీ పేరుంది, రెండుసార్లు. నువ్వు చెప్పిన రోజులే, నువ్వు చెప్పిన గంటలే. నీతో పాటు ఇంకా చాలామంది ఉన్నారు. పైన్ రోడ్డు నుంచి ఆర్వో అనే ఆయన ఒకే రోజుకు ఏడుసార్లు పంపాడు.

ఇంకోటి చెప్పాలి. ఫిర్యాదు పేజీ ఖాళీగా ఉందని గొప్పగా రాశాను కదా. ఆ పేజీ చివర కూడా అదే చేప పెట్టాను. ఫిర్యాదులు కూడా పడి ఉన్నాయి. ఆర్వోది ఒకటుంది, ఒకటే వాక్యం: "బండి రాలేదు, నేను ఉన్నాను." ఎవరూ ఏమీ అనలేదంటే బాగున్నట్టే అని నేనూ అనుకున్నాను. నేను కూడా మన ఇంటి పిల్లనే అమ్మమ్మా.

మా బాస్ వచ్చే నెలలో సరిచేద్దాం అన్నాడు. నేను ఆగలేదు. నిన్న సాయంత్రమే చేపను తీసేసి మామూలు గడి పెట్టాను, రెండు పేజీల్లోనూ. ఇప్పుడది పేరు చెప్తుంది, టిక్కు పడిందో లేదో చెప్తుంది. ఏదైనా తప్పితే ఏది తప్పిందో గట్టిగా చెప్పి అక్కడికే తీసుకువెళ్తుంది. తెర ఆర్పే సరిచూశాను.

అమ్మకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "వెబ్‌సైట్ది తప్పే అనుకో, చలిలో నిలబడింది మాత్రం నిజమే కదా" అంది. పిడి సంగతి చెప్తే మాత్రం ఫోన్లో గుడ్డతో ఏదో తుడుస్తున్న చప్పుడు వినిపించింది.

నన్ను క్షమించు. నీ మాట కన్నా నా రికార్డు నమ్మినందుకు క్షమించు. అమ్మకు చెప్పినందుకు క్షమించు.

టెస్సా


స్టోన్ హార్బర్
మార్చి 12, బుధవారం

టెస్సాకి,

పిడి నలుపులో ఉంది, చూసుకున్నాను.

శనివారం మీ అమ్మ వచ్చింది. కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, తెర మీద తువ్వాలు కప్పి, "బండి అడుగు" అన్నాను. "ఇదేంటమ్మా, కళ్ళకు గంతల ఆట" అంది. అయినా కూర్చుంది. తారీకు దగ్గర తప్పిపోయింది. చోటు దగ్గర ఇంకోసారి తప్పిపోయింది. "ఇది అంత గబగబా చదివితే మనిషన్నవాడికి అర్థమవుతుందా?" అని ఆ గొంతుతో పోట్లాడింది. చివరికి టిక్కు పెట్టకుండా "పంపు" నొక్కింది. "నిబంధనల గడిలో టిక్కు లేదు" అని అది పైకి చెప్పింది. టిక్కు పెట్టింది. "మంగళవారం పదికి మీ బండి ఖాయం" అంది.

మార్లీన్ తువ్వాలు తీయలేదు. "జనవరిలో ఇది ఈ మాట అనలేదా?" అని అడిగింది.

"అనలేదు."

"ఒక్కదానివే ఇలా వింటూ కూర్చునేదానివా?"

"అవును."

ఆ తరువాత లేచి కాఫీ పెట్టింది. టైప్ మిషన్ వైపు వెళ్ళింది, చేతిలో గుడ్డ లేకుండా.

నిన్న, మంగళవారం, బండి వచ్చింది. డ్యూయీ తలుపు తీసి, "నా చీటీలో మొదటి పేరు మీదే టీచర్‌గారూ" అన్నాడు. వెనక సీటులో నీ ఆర్వో ఉన్నాడు. గనిలో పనిచేసి రిటైరైన మనిషి, పుట్టుగుడ్డి కాదు. ఏడుసార్లు ఎందుకు పంపారని అడిగాను. "మొదటి ఆరుసార్లూ మర్యాదగా అడిగాను" అన్నాడు.

కంటి ఆసుపత్రిలో సూది వేశారు. ఒక నెల తప్పినందువల్ల కుడి కంటి అంచు చూపు కొంత తగ్గింది. అది తిరిగి రాదని డాక్టర్ చెప్పాడు. ఇకనుంచి నీ వైపు చూస్తే ఒక చెవే కనిపిస్తుంది. నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. జరిగింది గనుక, నువ్వు చేసిన పనిలో అది కూడా భాగం గనుక రాస్తున్నాను.

గది సంగతి. మీ అమ్మ దాన్ని రద్దు చేయలేదు, జూన్ దాకా వాయిదా వేయించింది. ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు. జూన్ లోపల బండి మళ్ళీ తప్పితే నా మాట చెల్లదు. కాబట్టి నా ఇల్లు ఇప్పుడు నీ పేజీ మీద నిలబడి ఉంది.

క్షమించమని మూడుసార్లు రాశావు. ఒక్కసారి చాలు. దానికి నా జవాబు: సరే. ఇలాంటివి పైకి అనే అలవాటు మన ఇంట్లో లేదు. అందుకే రాసి పంపుతున్నాను.

ఇక జరగవలసినవి:

1. బండి రానివాళ్ళ పేర్లన్నీ నీ దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చేసి, తప్పు వాళ్ళది కాదని చెప్పాలి. ఈమెయిల్ పంపకు. వాళ్ళలో కొందరిని కూడా ఇంట్లోవాళ్ళు మతి తప్పిందనుకుని ఉంటారు.

2. బెర్నీస్ ఫోన్ మళ్ళీ పెట్టాలి. కౌంటీకి నేను రాశాను. మీ బాస్ కూడా రాయాలి. కంప్యూటర్ లేనివాళ్ళకు నీ గడి ఎంత బాగా పలికినా లాభం లేదు.

3. ఇకమీదట ఏ పేజీ అయినా జనం ముందు పెట్టేముందు చూపులేని మనిషి చేత వాడించి చూడాలి. ఉచితంగా కాదు, జీతమిచ్చి. ఆర్వోకి మంగళ, గురువారాలు ఖాళీ, అడిగి ఉంచాను.

4. మీ గోడ మీద నూటికి నూరు కాగితం ఉంటే తీసేయండి.

5. చేప బొమ్మను పారేయొద్దు. పేజీ పైన అలంకారంగా పెట్టుకోండి. దానికి "ట్రౌట్ చేప" అని పేరు పెట్టు. అది అందంగా ఉందని మార్లీన్ చెప్పింది, నాకూ తెలియాలి.

6. మే నెలలో నువ్వు ఇక్కడికి రా. వ్యాన్ నువ్వే అడగాలి, తెర ఆర్పి. బస్సు స్టేషన్ దగ్గరికి డ్యూయీ వస్తాడు, నేను కూడా బండిలో ఉంటాను.

7. వచ్చేటప్పుడు నల్ల రిబ్బన్లు రెండు తీసుకురా.

8. ఈ ఉత్తరం అందగానే అందిందని రాయి. వస్తావో రావో రాయి. ఏమీ రాయకపోతే వస్తావని అనుకోను. మన ఇంట్లో ఆ పద్ధతి ఇవాళ్టితో సరి.

మీ అమ్మమ్మ,
ఐలి హార్జు